నీళ్ళెక్కని బాట

జనవరి 11

ఈ పుస్తకం కొన్నది తిట్టుకోవడానికి. బయట తిడితే పని చెడుతుందని నా స్నేహితురాలు ఫద్మా గడ్డం పట్టుకుని మరీ బతిమాలింది. "నువ్వు నోరు మూసుకుంటే నీ బాట దానంతటదే తెరుచుకుంటుందే ఇట్టో," అంది. సరే, నోరు మూశాను. చెయ్యి కట్టేసుకోమని ఎవరూ అనలేదు కదా.

ఇవాళ్టి తిట్టు అవతలి గట్టు హోటలు లహ్సన్‌కి. నడిసంతలో నిలబడి, "ఇట్టో కంచరగాడిదను నమ్ముకుని బాటలు వేస్తుందట!" అని నవ్వాడు. నా సుల్తానాకి ఉన్న బుద్ధిలో వీసమెత్తు వాడికి ఉంటే ఆ హోటలు గోడ రెండేళ్ళకే బీటలు వారేది కాదు. సుల్తానా తన్నినా ఒక కారణం ఉంటుంది. వీడు నవ్వడానికి కారణమే అక్కర్లేదు.

నవ్వనీ. ఏప్రిల్లో బెన్నాసర్ మాస్టారు తన నడకల సంఘాన్ని వెంటబెట్టుకుని వస్తాడు. మా ఊరి నుంచి జలాశయం పైగట్టు మీదుగా, పక్క ఊరు ఇగ్రాన్ దాటి, కనుమ ఎక్కి, ఏటి రేవులోకి దిగే పాత కంచరబాట కొస నుంచి కొస దాకా నడవగలిగితే వాళ్ళ పటంలోకి ఎక్కుతుంది. ఎక్కడ తెగినా అవతలి గట్టు తారురోడ్డే ఎక్కుతుంది. అప్పుడు లహ్సన్ జన్మంతా నవ్వుతాడు. మాస్టారు అందరి ముందూ అన్నాడు, "బాట దొరికితే దానికి మొదటి గైడు ఇట్టోనే" అని. ఆ మాట నేను మర్చిపోను, ఆయన్ని మర్చిపోనివ్వను.

బాట ఇగ్రాన్‌లో అక్రోటు చెట్ల మళ్ళలోంచి పోవాలి. ఆ మళ్ళు తూదావి. తూదా అంటే ఒకప్పుడు నా అత్త. ఆ ఇంటితో నాకు పనిలేదు. బాట అటు పోతుంది కాబట్టి నేనూ అటు పోతాను, అంతే.

జనవరి 20

వారం నుంచి గునపం, పార, సుల్తానా, నేను. తారురోడ్డు వచ్చాక ఈ బాట మీద కాలు పెట్టినవాడు లేడు. అడవి ఆలివ్ మొక్కలు నడిబాటలో పెళ్ళికొడుకుల్లా కూర్చున్నాయి. పీకాను. రాళ్ళు దొర్లి పడ్డ చోట దొర్లించాను. పాతవాళ్ళు ఎంత బాగా కట్టారో! ఒక చోట మట్టి తీస్తే కింద మెట్లు, పేర్చిన రాళ్ళతో, కంచరగాడిద అడుగుకు సరిపోయేలా. సుల్తానా నన్ను అడగకుండానే వాటి మీద నడిచింది. సంతోషం పట్టలేక దాని చెవి మీద ముద్దు పెట్టాను. తుమ్మింది.

జలాశయంలో నీళ్ళు బాగా తగ్గాయి. మునిగిపోయిన తోటల మోళ్ళు బయటపడ్డాయి.

ఫిబ్రవరి 3

నిన్న మాస్టారు వచ్చాడు. వెంట ఒక చదువుకున్న అమ్మాయి, చేతిలో దారి కొలిచే పెట్టె. వాళ్ళిద్దరికీ చేతికర్రలు. ఏటవాలులో మాస్టారు రొప్పుతూ కూడా పాఠం చెబుతూనే ఉన్నాడు. నేను సుల్తానా మీద సున్నం బకెట్టు వేసుకుని వెనకే. దూరం నుంచి కనబడేలా రాళ్ళ మీద తెల్ల గుర్తు పెట్టుకుంటూ వెళ్ళాం. ఊరి నుంచి ఇగ్రాన్ దాకా, అక్రోటు మళ్ళ గట్టు మీదుగా, కనుమ పైదాకా. వెనక్కి తిరిగి చూస్తే కొండ నవ్వినట్టుంది.

తూదా డాబా మీద నిలబడి ఉంది. చూసింది. నేనూ చూశాను. ఆవిడ సలాం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 4

పెద్దావిడ కదా, నేనే ముందు చెప్పాల్సింది. కాదు, ఇల్లు వాళ్ళది, ఆవిడే చెప్పాల్సింది.

ఫిబ్రవరి 10

అక్రోటు మళ్ళ గట్టు మీద గుర్తులన్నిటికీ ఎవరో మట్టి పూశారు. నేను మళ్ళీ సున్నం వేశాను.

ఫిబ్రవరి 13

మళ్ళీ మట్టి. ఈసారి నేను పళ్ళెమంత గుర్తులు పెట్టాను. చూద్దాం, ఇగ్రాన్‌లో మట్టి ముందు అయిపోతుందో, మా ఊళ్ళో సున్నం ముందు అయిపోతుందో.

ఫిబ్రవరి 17

ముళ్ళకంచె వేశారు. ఇంత ఎత్తున, రేగుకంప, గట్టుకి అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొస దాకా.

కంచెకి అవతల బాస్సు. ఒకప్పుడు నా మరిది. చేతుల నిండా గీరుకుపోయిన గాట్లు. వాడికి మొదటి నుంచీ పనికంటే దెబ్బలే ఎక్కువ.

"ఏరా బాస్సూ, నా కోసమేనా ఇంత పూలపాన్పు?" అన్నాను.

"ఒదినా, నన్ను తిట్టకు. అమ్మ వేయమంది, వేశాను."

"ఎందుకట?"

"ఏమో! 'కంచె వెయ్యి, లేకపోతే నేనే వేస్తా' అంది. మోకాళ్ళు లేవవు, అయినా కత్తి పట్టుకుని బయల్దేరింది. ఏం చెయ్యను మరి?"

"ఇది ఉత్త నడకబాట అని చెప్పావా?"

"చెప్పానొదినా! చెప్పినకొద్దీ ఇంకా రేగిపోయింది. బాట అన్న మాట వింటేనే ఆవిడకి పూనకం వస్తోంది. ఇంక నువ్వు ఇటు రాకు, నీకు పుణ్యముంటుంది."

అర్థమైంది. ఇంతకాలానికి అవకాశం దొరికింది ఆవిడకి. అత్త మీద కోపం దుత్త మీద చూపిందని కోడళ్ళనే అంటారు. కోడలి మీద కోపాన్ని ఊరందరి బాట మీద చూపే అత్తకి సామెతే లేదు.

ఫిబ్రవరి 18

నిద్ర లేచిన దగ్గర్నుంచి అదే.

నేను ఆ ఇంటి నుంచి వచ్చేసిన రోజు ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. కొడుకు నగరంలో ఇంకోదాన్ని చేసుకున్నాడని కబురొచ్చిన వారానికి నా మూట కట్టుకున్నాను. పదకొండేళ్ళు ఆ ఇంటి బార్లీ విసిరాను. ఆ తిరగలి పిడి నా అరచేతికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గుమ్మం దాటుతుంటే ఒక్క మాట అనలేదు. "ఉండవే" అనలేదు. "పో" అని కూడా అనలేదు. చీపురు పట్టుకుని నిలబడింది, నేను వెళ్ళాక ఊడవాలన్నట్టు.

నాకేం బాధలేదు. ఆ ఇంటితో నాకు పనిలేదు.

ఫిబ్రవరి 19

నిజంగా బాధలేదు.

మార్చి 2

మళ్ళ కిందనుంచి దారి ఉందేమో చూద్దామని దిగాను. ఉత్త బురదవాలు, నేరుగా నీళ్ళలోకి. సుల్తానా వెనకకాళ్ళు జారాయి. తాడు నా మణికట్టుకి చుట్టుకుని ఉంది, అది జారితే నేనూ దాని వెంటే. అది ముందుకాళ్ళు బిగబట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. ఒకర్నొకరం పట్టుకుని ఎలాగో పైకొచ్చాం. వచ్చాక అది ఒళ్ళు దులుపుకుని గడ్డి మేసింది. నేను రాయి మీద కూర్చుని వణికాను.

పైన కొండచరియ నిలువుగోడ. మేకలు కూడా చుట్టూ తిరిగి పోతాయి. దారి ఆ మళ్ళలోంచే. పాతవాళ్ళు పిచ్చివాళ్ళు కాదు.

మార్చి 9

మాస్టారు ఫోను. "ఇట్టో, గట్టు సంగతి తేలిందా? నెలాఖరుకల్లా నాకు చెప్పాలి. లేకపోతే అవతలి గట్టుకే సిద్ధం చేసుకుంటాం. నాకూ మనసు ఒప్పడం లేదు కానీ, బాటంటే కొస నుంచి కొసకి ఉండాలి కదమ్మా."

"తేలింది మాస్టారూ," అన్నాను.

అబద్ధమాడాను. నా నోరే, నన్నడక్కుండా.

మార్చి 11

ఫద్మా ఇంటికి వెళ్ళాను. దానిది ఇగ్రాన్‌లోనే చివరి ఇల్లు. నడిచేవాళ్ళు వస్తారని పైగదికి అప్పుడే సున్నం కొట్టించి, కొత్త పరుపులు కుట్టించింది. ఆ పరుపుల మీద కూర్చోలేక నేల మీద కూర్చున్నాను.

టీ పోస్తూ అడిగింది. "వెళ్ళి అడగొచ్చు కదే?"

"అడిగితే ఇస్తుందా? కంచె చూడలేదా? కొండంత ఉంది."

"మా నానమ్మ చెప్పేది. ఎవరింట్లోనైనా దూరి వాళ్ళ తిరగలి పట్టుకుని తిప్పావనుకో, ఇంక ఆ ఇంటివాళ్ళ మీద ఆర్ పడినట్టే, తప్పించుకోలేని కట్టుబాటు. నువ్వు అడిగింది కాదంటే వాళ్ళ పిండి పురుగుపడుతుంది, పరువు పోతుంది. హత్య చేసి పారిపోయి వచ్చినవాడు కూడా తిరగలి తిప్పి ప్రాణం దక్కించుకున్నాడట."

"ఇప్పుడు ఆర్ అంటే ఎవరికి లెక్క? పిండి మరలో ఆడించుకుంటున్నారు జనం."

"తూదాకి లెక్క. ఇగ్రాన్‌లో ఇంకా చేత్తో విసిరేది ఆవిడ ఒక్కతే."

"చచ్చినా ఆ గడప తొక్కను. ఒట్టేసుకుని వచ్చాను."

"నీ ఒట్టు కాలికి కదా, చేతికి కాదుగా," అని కిసుక్కున నవ్వింది ఫద్మా. "పాకుతూ వెళ్ళు."

దీన్ని ఎందుకు స్నేహితురాలిగా చేసుకున్నానో!

మార్చి 12

వెళ్ళను.

మార్చి 13

వెళ్ళను. ఈ వయసులో దొంగలా ఒకరింట్లో దూరి తిరగలి పట్టుకోవడమా! లహ్సన్‌కి తెలిస్తే వాడి హోటలు గోడ మీద బొమ్మ వేయిస్తాడు.

మార్చి 14

రేపు శుక్రవారం. బాస్సు సంతకి పోతాడు.

ఊరికే రాశాను.

మార్చి 15

వెళ్ళాను.

మొత్తం రాస్తాను. ఒక్క మాట పోగొట్టుకోను.

తలుపు తీసే ఉంది. పెరట్లో కోళ్ళు. ఎవరూ లేరు. బిస్మిల్లా అనుకుని గడప దాటాను, కుడికాలే ముందు. లోపల చీకటిగా, చల్లగా, అదే వాసన. పొగ, ఆలివ్ నూనె, పాత ఉన్ని. తిరగలి ఉన్నచోటే ఉంది. పిడి మీద నా చెయ్యి అరగదీసిన నునుపు అలాగే ఉంది. కూర్చుని పట్టుకున్నాను. మోకాలు దానంతటది మడత పడింది, భుజం దానంతటది వంగింది. తిప్పాను. లోపల గింజ లేదు, ఉత్త రాయి రాయిని ఒరుసుకుని గర్రుమంది.

"ఎవరది?" వెనకగది నుంచి ఆవిడ గొంతు.

తిప్పుతూనే ఉన్నాను.

గోడ పట్టుకుని వచ్చింది. సగానికి సగం అయిపోయింది మనిషి. నన్ను చూసి, నా చెయ్యి చూసి, కెవ్వున అరిచింది.

"వదులు! వదలవే! చెయ్యి తియ్యి దానిమీంచి!"

"తియ్యను."

"నా ఇంట్లో, నా తిరగలి పట్టుకుని, నామీదే ఆర్ వేస్తావా?"

"వేశాను, అయిపోయింది. ఇప్పుడు కాదను, చూద్దాం."

ఆవిడ తలుపుకి జారబడి నెమ్మదిగా కూర్చుంది. ఊపిరి అందుకోవడానికి కాసేపు పట్టింది. తర్వాత, ఎప్పుడూ ఉండే ఆ కటువు గొంతుతో, "అడుగు. ఏం కావాలి? నా కొడుకు కావాలా? వాడిక్కడ లేడు," అంది.

"నీ కొడుకు నాకెందుకత్తా! ఊరికే ఇచ్చినా తీసుకోను."

అత్తా అన్నాను. ఎలా వచ్చిందో తెలియదు. ఆవిడ పెదవి మూల కొంచెం కదిలింది. నవ్వో, కోపమో, ఆవిడకి రెండూ అక్కడే పుడతాయి.

"మరేం కావాలి?"

"బాట. కంచె తీయించు. మళ్ళ గట్టు మీదుగా నడిచేవాళ్ళని పోనివ్వు."

"సరే, తీసుకో," అంది. "కట్టుబడ్డాను కదా. నాదొక్కటి చెప్పు. ఎన్నాళ్ళు టైముంది?"

"దేనికి?"

"నీళ్ళకి."

నాకు అర్థం కాలేదు. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాయి. అప్పుడు చూశాను. గోడ పొడవునా మూటలు. పరుపులు చుట్టి తాళ్ళతో కట్టి ఉన్నాయి. రాగి బిందె గోనెలో. ఎండిన అక్రోట్లు రెండు సంచుల్లో. మగ్గం విప్పి, కర్రలన్నీ కట్టగా కట్టి మూలన నిలబెట్టింది. పొయ్యి దగ్గర ఒక గిన్నె, ఒక గ్లాసు తప్ప ఇంట్లో అన్నీ ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి.

"తిరగలి ఒక్కటే మొయ్యలేను. అందుకే నీకు దొరికింది," అంది.

తర్వాత చెప్పింది. ఆ ఇంట్లో ఉన్న పదకొండేళ్ళలో ఆవిడ ఇంత మాట్లాడటం నేను వినలేదు.

"నాకు పాలపళ్ళు ఊడుతున్న వయసు. మా ఊరు తిమ్లాల్, అదిగో ఆ నీళ్ళ కింద. కోటు వేసుకున్న దొరలు వచ్చారు. చేతుల్లో కర్రలు, కంటికి పెట్టుకుని చూసే పెట్టె. కంచరగాడిద మీద సున్నం బకెట్టు. రాళ్ళ మీద తెల్లటి గుర్తులు పెట్టుకుంటూ పోయారు. మా నాన్న వాళ్ళకి టీ ఇచ్చాడు, రొట్టె పెట్టాడు. ఇదేంటయ్యా అని అడిగితే, 'బాట వేస్తున్నాం' అన్నారు. బాట వస్తే సంతకి పోవడం తేలికని మా అమ్మ ఎంత మురిసిపోయిందో! ఆ గుర్తుల మీద మేం పిల్లలం గెంతి ఆడుకున్నాం. రెండేళ్ళు తిరక్కుండా గుర్తు దాకా నీళ్ళొచ్చాయి. సరిగ్గా గుర్తు దాకా. వేలెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు. మా ఇల్లు, మా అంజూరపు చెట్టు, మా నానమ్మ గోరీ, అన్నీ."

"అత్తా, ఇది నిజంగా..."

"మొన్న డాబా మీంచి చూశాను. అదే కోట్లు, అవే కర్రలు, అదే పెట్టె. కంచరగాడిద మీద సున్నం. దాన్ని నడిపించేది ఎవరని చూస్తే నువ్వు!"

"ఉత్త నడకబాట అని బాస్సు చెప్పాడుగా!"

"చెప్పాడు. అందుకే కదా కంచె వేయించింది!"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. తిరగలి పిడి వదలకుండానే ఏడ్చాను, వదిలితే ఆర్ పోతుందేమోనని. ఆవిడ కంగారుపడి, "నువ్వెందుకే ఏడవడం, నీ ఇల్లు మునగదుగా," అంది. అప్పుడు ఇంకా ఏడుపొచ్చింది.

చెప్పాను, ఎవరూ మునగరని. నమ్మలేదు. ఖురాన్ మీద ఒట్టేశాను. "దొరలు కూడా మంచివాళ్ళే," అంది. ఇంక మాటలతో పనికాదని తెలిసింది.

లేచి గడప దాకా వచ్చాక, ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రోజు నేను పోతుంటే ఉండమని ఎందుకు అనలేదు?"

ఆవిడ నా వైపు చూడలేదు. పొయ్యి ఊదుకుంటూ అంది. "ఉండమంటే ఉండేదానివి. అందుకే అన్లేదు."

మార్చి 16

పొద్దున్నే సుల్తానాని తీసుకుని వెళ్ళాను. "ఎక్కు అత్తా, నీళ్ళు ఎందాకా వస్తాయో చూపిస్తా," అన్నాను. బాస్సు ఎత్తి కూర్చోబెట్టాడు. వాడికి మూటలు చూపించాను. రోజూ పక్కగదిలోనే పడుకుంటూ ఆ మూటలు ఎందుకని అడగలేదట. "ఇల్లు దులుపుతోందేమో అనుకున్నానొదినా," అన్నాడు. మొగాళ్ళు!

బాస్సు కంచె ఒక పక్క తప్పించి దారి ఇచ్చాడు. మట్టి పూసిన మొదటి రాయి దగ్గర అత్త ఆగమంది. కిందికి వంగి గుర్తు మీద చెయ్యి పెట్టింది. తర్వాతి గుర్తు అంతకంటే పైన. దాని మీద కూడా చెయ్యి. ఆ పైది ఇంకా పైన. నోరు మూసుకుని నడవడం నాకెంత కష్టమో ఆ దేవుడికి తెలుసు. వాలు ఎక్కేకొద్దీ ఆవిడ చూపు రాళ్ళ మీంచి నీళ్ళ మీదికి, నీళ్ళ మీంచి రాళ్ళ మీదికి పోతోంది. జీడిగింజ రంగు జెల్లాబా అంగీ, తలకి తెల్లగుడ్డ. సుల్తానా తన జన్మలో ఇంత జాగ్రత్తగా నడవలేదు.

కనుమ పైన గాలి. అక్కడ ఒక పెద్ద రాయి, దానిమీద నేను పెట్టిన అన్నిటికంటే పెద్ద గుర్తు. అక్కడినుంచి జలాశయం ఎక్కడో కింద, గిన్నె అడుగున మిగిలిన నీళ్ళలా ఉంది. గుర్తులు మాత్రం ఆగకుండా అవతలివైపు కిందికి, ఏటి రేవులోకి దిగిపోతున్నాయి.

ఆవిడ రాయి చూసింది. నీళ్ళు చూసింది. దిగిపోతున్న గుర్తుల్ని చూసింది.

"దొరల గుర్తులన్నీ ఒక్క వరసన ఉండేవి," అంది. "చెంబులో పాల అంచులా."

"మరి నావి?"

"నీవి తాగుబోతు నడిచినట్టున్నాయే!" అని నవ్వడం మొదలుపెట్టింది. "పైకి, కిందికి, మళ్ళీ పైకి! ఇక్కడిదాకా నీళ్ళొచ్చాయంటే ప్రళయంలో నూహ్ ప్రవక్తలా పడవ కట్టుకోవాల్సిందే. ఈ నీళ్ళకి కాళ్ళు మొలిచాయా ఏంటి!" పన్ను లేని నోరు తెరిచి నవ్వింది. కంచరగాడిద మీద ఊగిపోతూ నవ్వింది. బాస్సు పడిపోతుందని పట్టుకున్నాడు. వాడూ నవ్వాడు. నేను ఆ రాయి మీద ఎక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పెళ్ళిలో వేసే కూత వేశాను. కొండ తిరిగి వేసింది.

నవ్వు తగ్గాక ఆవిడ కిందికి చెయ్యి చాపింది. నీళ్ళు తగ్గిన చోట బురదలోంచి గోడల అంచులు, గీసినట్టు. "ఆ మూలది మాది. మా నాన్న కట్టిన గోడ. చూడు, ఇంకా నిలబడే ఉంది."

ఆ గోడ ఎదురుగా కనబడేలా సుల్తానాని అటు తిప్పి పట్టుకున్నాను.

మార్చి 18

బాస్సు కంచె మొత్తం పీకేశాడు. చేతులకి కొత్త గాట్లు. మూటలు విప్పడానికి నేనూ ఫద్మా వెళ్ళాం. ఫద్మా ఊరంతా చెప్పేసింది, చెప్పొద్దన్నా. సంతలో ఇప్పుడు నన్ను చూస్తే పిండిమర వాడు లేచి నిలబడుతున్నాడు, నేనెక్కడ మర పట్టుకుంటానోనని.

అత్త ఒక షరతు పెట్టింది. తన మళ్ళలో తెలుపు ఉండకూడదు. ఎన్ని చెప్పినా తెలుపు చూస్తే గుండె దడదడ అంటుందట. "తలుపుకి వేసిన నీలం మిగిలింది, అది వేస్తా. నేనే వేస్తా," అంది.

వేసింది. కుంచె వద్దంది, గుడ్డ ముంచి అద్దింది. ఒక్కటీ గుండ్రంగా లేదు.

ఏప్రిల్ 20

ఎక్కడ మొదలుపెట్టాలి!

పాతికమంది దాకా వచ్చారు. తెల్లారకుండానే ఊళ్ళో టీ తాగి బయల్దేరాం. ముందు నేను, సుల్తానా. ఆ వెనక మాస్టారు. అందరి వెనక లహ్సన్! మేం ఎక్కడ ఆగిపోతామో కళ్ళారా చూడ్డానికి వచ్చాడు, కొత్త తోలుబూట్లు వేసుకుని. మొదటి వాలుకే మడమ ఒరుసుకుపోయింది. నేను వెనక్కి తిరిగి, "సుల్తానా మీద ఎక్కుతావా లహ్సన్? నమ్మదగ్గదే," అన్నాను. ఈ ఒక్క మాట కోసం జనవరి నుంచి నోరు మూసుకున్నాను.

పాత మెట్ల దగ్గర అందరూ ఆగి చేత్తో తడిమి చూశారు. వాన లేకపోయినా కొండంతా ఏవో చిన్న పసుపుపూలు. ఇగ్రాన్ దగ్గరపడేకొద్దీ నా అడుగు నెమ్మదించింది. అత్త బుద్ధి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు!

మలుపు తిరిగాం. కంచె ఉన్న చోట చాప. చాప మీద అత్త. పండగ బట్టలు, మెడలో అంబరు పూసలు. పక్కన పెద్ద కుండలో మజ్జిగ, గుడ్డలో చుట్టిన వేడి బార్లీ రొట్టెలు, గిన్నె నిండా తేనె. బాస్సు గ్లాసులు పట్టుకుని పెళ్ళికూతురి తమ్ముడిలా నిలబడ్డాడు.

"తాగకుండా నా గట్టు దాటనివ్వను," అంది అత్త. పాతికమందీ వరసన తాగారు. లహ్సన్ రెండుసార్లు తాగాడు.

మాస్టారు మాత్రం నీలం గుర్తుల దగ్గర ఆగిపోయాడు. "అవ్వా, ఇవి... సంఘం నియమం ప్రకారం గుర్తులు తెలుపులో ఉండాలి. బాటంతా ఒకే రంగు."

"నీ నియమం నువ్వు పుట్టకముందే చూశాను నాయనా," అంది అత్త. "దానితో మా ఊరు ముంచారు. నా మళ్ళలో నీలమే."

మాస్టారు నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. వెంట వచ్చిన అమ్మాయి మాత్రం అత్త పక్కన చాప మీద కూర్చుని, "ఏ ఊరు అవ్వా?" అని అడిగింది. అత్త చెప్పింది. గుర్తులు, దొరలు, టీ, అంజూరపు చెట్టు, అన్నీ. మాస్టారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నీలమే ఉండనిద్దాం," అన్నాడు చివరికి.

అప్పుడు అత్త లేచింది. "నేనూ వస్తా," అంది. బాస్సు వద్దన్నాడు, ఫద్మా వద్దంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండి ముసలమ్మ ముందు రాజెంత! సుల్తానా మీద కూర్చోబెట్టాం. అందరికంటే ముందు ఆవిడే. వెనక పాతికమంది. కనుమ పైన పెద్దరాయి దగ్గర నేను కూత వేస్తే, ఈసారి కొండ ఒక్కటే కాదు, ఆడవాళ్ళందరూ తిరిగి వేశారు. ఏటి రేవులో నీళ్ళు మోకాలి దాకా, మంచులా. బూట్లు విప్పి అందరం దాటాం. బాట కొస నుంచి కొస దాకా ఎక్కడా తెగలేదు! ఎక్కడా! నేను నీళ్ళలో నిలబడే ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం!

గట్టు మీద కూర్చుని మాస్టారు పటం పరిచాడు. "పేరు రాయాలి. 'జలాశయ ప్రదక్షిణ బాట' అని అనుకున్నాం."

"తిమ్లాల్," అంది అత్త, కంచరగాడిద మీంచే.

మాస్టారు పటం మీద వేలు పెట్టి వెతికాడు. అక్కడ నీలం రంగు జలాశయం తప్ప ఏమీ లేదు. "అవ్వా, ఆ పేరు పటంలో ఎక్కడా లేదు."

"రాయి. రాస్తే ఉంటుంది."

రాశాడు. అంచు వెంట, ఊరి నుంచి రేవు దాకా, పెద్ద అక్షరాలతో. అత్తకి చదువు రాదు. ఏ అక్షరం ఏదో నన్ను చూపించమంది. చూపించాను. వేలితో ఒక్కో అక్షరాన్నీ తడిమింది, కనుమ ఎక్కిన రోజు గుర్తుల మీద చెయ్యి పెట్టినట్టే.

"బాట వేస్తున్నామన్నారు," అంది. "ఇన్నేళ్ళకి వేశారు."

ఏప్రిల్ 21

ఒళ్ళంతా నొప్పులు. వచ్చే శుక్రవారానికి నడిచేవాళ్ళు వస్తారని ఫోను. ఫద్మా పరుపులు చాలవట, గోల పెడుతోంది. లహ్సన్ బూట్లు ఏటిగట్టు మీద మర్చిపోయాడు. పంపిస్తాను, అడిగితే.

ఇప్పుడే బాస్సు వచ్చి వెళ్ళాడు. నిన్న రొట్టెలకి ఇంట్లో పిండంతా అయిపోయిందట, బార్లీ వేయించి పెట్టిందట అత్త. మర పిండి ఆవిడకి సయించదు, భుజం లేవదు.

రేపు పొద్దున్నే ఇగ్రాన్ వెళ్ళాలి. ఆ ఇంట్లో నాకు పనుంది.